నూటికి ఎనభై

ఆఫీసులో అందరూ ఆమెను పాచికలమ్మ అనేవారు. వీడియో గేములు తయారుచేసే ఆ కంపెనీలో బొమ్మలు గీసేవాళ్ళు, కథలు అల్లేవాళ్ళు, చప్పుళ్ళు కూర్చేవాళ్ళు వేరే ఉన్నారు. ఆటలో ఒక పని ఫలిస్తుందా ఫలించదా అని తేల్చే లెక్క మాత్రం ఆమెది. తెర మీద ఒక మనిషి గోడ దూకబోతుంటే పక్కన డెబ్బై రెండు శాతం అని చిన్న అంకె వెలుగుతుంది. ఆ అంకె వెనకాల కూర్చున్న మనిషి ఆమె.

అప్పట్లో వాళ్ళు చేస్తున్న ఆట వరదలో మునిగిన ఒక నగరం గురించి. ఆడేవాళ్ళ చేతిలో ఒక సహాయక బృందం ఉంటుంది. నీళ్ళు పెరుగుతుంటాయి. ఎవరు పడవ నడపాలి, ఎవరు తాడు పట్టుకోవాలి, ఏ డాబా మీద చిక్కుకున్నవాళ్ళను ముందు దించాలి అని ఒక్కో ఎత్తూ ఆలోచించి వెయ్యాలి. ఒకసారి నీళ్ళలో పోయిన మనిషి ఆట ముగిసేదాకా తిరిగి రాడు. బృందంలోని మనుషులకు ఆడేవాళ్ళే పేర్లు పెట్టుకుంటారు కాబట్టి, ఎవరైనా పోతే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ ఆటను అందరికంటే ముందు ఆడి చూసేది ఆమె అన్నయ్య. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఉంటున్న బిల్డింగులోనూ, చుట్టుపక్కల వీధుల్లోనూ పిల్లా పెద్దా అందరికీ ఆయన లిఫ్టన్నయ్యే. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, “రోజంతా పైకీ కిందకీ తిరిగేవాణ్ణి, నన్ను కట్టుకుంటే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి” అనేవాడు. చెల్లెలి కాపురం చెడి, ఒక పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోజున ఏమీ అడగలేదు. లోపలి గదిలోంచి తన పక్కబట్టలు తెచ్చి హాల్లో సోఫా మీద పడేసి, “ఇక్కడైతే టీవీ దగ్గరగా ఉంటుంది” అన్నాడు. అప్పటినుంచీ ఆ సోఫాయే ఆయన పడగ్గది.

సాయంత్రం పని నుంచి వచ్చి, గ్రీజు వదిలేదాకా చేతులు తోముకుని, ఆట ముందు కూర్చునేవాడు. తెరతో మాట్లాడేవాడు, తిట్టేవాడు, బతిమాలేవాడు. ఒకరోజు ఆయన బృందంలో మంచి ఈతగాడు తొంభై శాతం అని చూపించిన చోట కొట్టుకుపోయాడు.

“ఏమే, తొంభై అని రాసి ముంచేస్తారా? ఇదేం మర్యాద?”

“తొంభై అంటే పదిసార్లలో ఒకసారి పోతుందని కదా అన్నయ్యా.”

“ఆ ఒక్కసారీ నా మొహానే రావాలా?”

“అందరూ ఇలాగే ఏడుస్తారు. అందుకే మేం కొంచెం సర్దుతాం” అని నాలుక కరుచుకుంది. ఆఫీసు గుట్టు అది. కానీ అన్నయ్య దగ్గర గుట్టేముంది? చెప్పేసింది. తెర మీద ఎనభై అని చూపిస్తారు, లోపల లెక్క తొంభై దాటి ఉంటుంది. వరసగా రెండుసార్లు తప్పితే మూడోసారి చప్పుడు చెయ్యకుండా ఇంకాస్త కలుపుతారు. జనానికి నిజమైన ఎనభై చూపిస్తే మోసం అంటారు. ఎనభై అనే మాట వినగానే దాదాపు ఖాయమే అనుకుంటారు కాబట్టి, వాళ్ళు అనుకున్నదాన్నే నిజం చేస్తారు. “తొంభై దాకా వచ్చాక మాత్రం ఇంక కలపడానికి చోటుండదు. అందుకే నీవాడు పోయాడు” అంది.

ఆయన రిమోటు ఒళ్ళో పెట్టుకుని చాలా సంతోషంగా నవ్వాడు.

“మా దాంట్లోనూ ఇంతేనే. లిఫ్టులో ఎనిమిది మంది అని పలక కొడతామా? తాడు దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. పది మంది ఎక్కితే గంట మోగి ఆగుతుందే తప్ప తెగి పడదు. చూపించే అంకె వెనకాల కాస్త దాచిపెట్టాలి. అదే పెద్దరికం.”

“నీది భద్రత అన్నయ్యా, మాది బుజ్జగింపు.”

“ఏదైతేనేం, మనిషి బతుకుతున్నాడు కదా” అని కొత్త ఈతగాణ్ణి తీసుకుని, వాడికి ‘పాతవాడి తమ్ముడు’ అని పేరు పెట్టాడు.

ఆ ఏడాది ఆయనకు వీపులో నొప్పి మొదలైంది. మెట్లెక్కి మెషీన్ గదికి వెళ్ళేసరికి ఆయాసం. స్కానింగులో తేలిందేమంటే, గుండెలోంచి దిగే పెద్ద రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బి ఉంది. ఊపిరితిత్తులు కూడా అంత గట్టివి కావు. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి వివరంగా చెప్పింది.

“ఆపరేషన్ చేస్తే, మీలాంటివాళ్ళలో నూటికి ఎనభై మంది బాగై ఇంటికెళ్తారు. చెయ్యకపోతే మందులతో కొన్నేళ్ళు నడవొచ్చు. రేపే పగిలిపోనూవచ్చు. ఆ మాట నేను కచ్చితంగా చెప్పలేను. తొందరేం లేదు, ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి.”

అన్నయ్య నవ్వాడు. డాక్టరమ్మ ఆ నవ్వు చూసి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బొమ్మ మీదికి చూపు దించుకుంది.

బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీల దగ్గర ఆయన చెల్లెలి భుజం తట్టాడు. “ఎందుకే ఆ మొహం? ఎనభై అన్నారంటే వెనకాల ఎంతో కొంత దాచుకునే ఉంటారులే. ఏమంటావు, నీకు తెలీదా ఈ కిటుకు?”

ఆమెకు తెలుసు. డాక్టరమ్మ ఎనభై వెనకాల ఏమీ లేదని తెలుసు. అది ఇంటికెళ్ళినవాళ్ళనీ వెళ్ళనివాళ్ళనీ లెక్కపెట్టి చెప్పిన అంకె. అందులో ఎవరూ ఎవరినీ బుజ్జగించలేదు. ఆ మాట పెదవి దాకా వచ్చింది. చెబితే ఆయన వద్దంటాడేమోనని భయం. వద్దంటే, ఆ బుడగ హాల్లో సోఫా మీద రోజూ తన కళ్ళముందే పడుకుని ఉంటుంది. ప్రతి దగ్గుకీ తను ఉలిక్కిపడాలి. ఆయన బతకాలనుకుందో, తన భయం తీరాలనుకుందో, అప్పుడు విడదీసి చూసుకోలేదు.

“ఊఁ” అంది.

ఆయన వెంటనే లోపలికి వెళ్ళి సరేనని చెప్పి వచ్చాడు.

ఆపరేషన్ అయింది. కళ్ళు తెరిచాడు కూడా. నోట్లో గొట్టం ఉండటంతో మాట్లాడలేక, బొటనవేలు పైకి చూపించాడు. పైకెళ్తున్న లిఫ్టు గుర్తు అది, వాళ్ళ మెకానిక్కుల సైగ. అంతా బాగుందని దాని అర్థం. మర్నాడు మధ్యాహ్నం లోపల రక్తం కారడం మొదలైంది. మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ బయటికొచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకున్నప్పుడే ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత ఆవిడ చెప్పిందేదీ ఆమె చెవికి ఎక్కలేదు.

కర్మలు ముగిసి, వచ్చినవాళ్ళు వెళ్ళి ఇల్లు ఖాళీ అయ్యాక ఆమె తిరిగి పనిలో పడింది. మనిషి తిరుగుతూనే ఉంది, తింటూనే ఉంది. కానీ ఎక్కడ అంకె కనిపించినా ఒళ్ళు జలదరించేది. ఫోనులో వాన పడే అవకాశం నలభై అని చూస్తే చాలు, ఎవరో చెవి పక్కన “వెనకాల దాచుకునే ఉంటారులే” అన్నట్టుండేది. గొంతు ఆయనదే. బెదిరింపు లేదు, నిష్ఠూరం లేదు. ఆ హాయి, ఆ నమ్మకమే ఆమెను పొడిచేవి. తిట్టినా బాగుండేది.

దానికి తోడు లిఫ్టు. సెలవు రోజు మధ్యాహ్నం ఇంట్లో ఒంటరిగా ఉంటే, బయట టింగుమని చప్పుడయ్యేది. లిఫ్టు వాళ్ళ అంతస్తులో ఆగి, తలుపులు తెరుచుకుని, లోపల దీపం వెలుగుతూ నిలబడేది. ఎవరూ దిగేవారు కాదు. ఎవరూ ఎక్కేవారు కాదు. తలుపు సందులోంచి చూసేది. కాసేపటికి తలుపులు వాటంతటవే మూసుకునేవి. గంటో అరగంటో గడిచాక మళ్ళీ టింగ్. మొదట్లో ఎదురింటి పిల్లల అల్లరి అనుకుంది. వాళ్ళు ఊళ్ళో లేని రోజుల్లో కూడా వచ్చింది.

చివరికి అన్నయ్యతో పనిచేసిన మేస్త్రిని పిలిపించింది. మేస్త్రి లిఫ్టు కంట్రోలు పెట్టె తెరిచి ఏవో చూసి, తల దించుకుని బయటికొచ్చాడు.

“పాడవలేదు చెల్లెమ్మా. ఎవరూ ఎక్కనప్పుడు లిఫ్టు ఏ అంతస్తుకొచ్చి ఆగాలో పెట్టుకోవచ్చు. ఎక్కడైనా కిందే పెడతాం. ఇక్కడ మీ అన్నయ్య ఈ అంతస్తుకి పెట్టాడు. నేనే అడిగా, ఇదేంట్రా అని. ‘మా చెల్లి పొద్దున్నే పరుగు మీద ఉంటుంది, బటన్ నొక్కి నిలబడే ఓపిక ఉండదు దానికి’ అన్నాడు.” పెట్టె వైపు చూపించి, “మార్చెయ్యమంటావా?” అన్నాడు.

“వద్దు” అంది.

కారణం తెలిస్తే భయం పోతుందనుకుంది. పోలేదు. ఇంతకుముందు చప్పుడైతే ఎవరు అని వణికేది. ఇప్పుడు ఎవరో తెలిసి వణికేది. ఆయన పోయాక కూడా ఆయన పెట్టిన ఏర్పాటు తనకోసం పైకి ఎక్కి వస్తూనే ఉంది. తను మాత్రం ఆ రోజు వరండాలో ఒక్క మాట చెప్పలేకపోయింది.

ఆఫీసులో ఆట విడుదలకు సిద్ధమవుతోంది. ఒక సమావేశంలో ఆమె ఉన్నట్టుండి, “తెర మీద అంకెలు తీసేద్దాం సార్” అంది.

మేనేజరు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆయన మంచివాడే, కాకపోతే ప్రతిదానికీ ఒక చమత్కారం సిద్ధంగా ఉంచుకుంటాడు. “పాచికలమ్మా, పాచికలే వద్దంటే ఎలా? గాల్లో దీపం పెట్టి ఆడమంటే జనం ఆడతారా?”

“బయట ఎవరి పక్కనా అంకె వెలగదు కదా సార్. అలాగే బతుకుతున్నాం కదా.”

“ఆ బతుకు భరించలేకే కదమ్మా మన ఆటకొస్తున్నారు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వకపోవడం చూసి ఆయన కూడా ఆపేశాడు. “సరే, రెండూ చేసి చూద్దాం. ఆడించి చూస్తే మనకే తెలుస్తుంది.”

అలా బయటినుంచి కొందరిని పిలిచారు. ఒక గదిలో అంకెలున్న ఆట, పక్క గదిలో అంకెలు లేని ఆట. ఆమె అద్దం ఇవతల కూర్చుని చూసింది.

అంకెలున్న గదిలో తప్పిన ప్రతిసారీ జనం ఆటను తిట్టారు. ఎనభై అంటివి, ఎక్కడ ఎనభై, మోసం, దగా. తిట్టి వెంటనే తర్వాతి ఎత్తు వేశారు. అంకెలు లేని గది నిశ్శబ్దంగా ఉంది. అక్కడ స్కూలు వ్యాను నడిపే ఒకావిడ, ఎర్ర చొక్కా వేసుకున్న పడవవాణ్ణే ప్రతిసారీ పంపింది. ఎందుకని అడిగితే, “వీడిది మంచి చెయ్యి, నాకు తెలుస్తోంది” అంది. నిజానికి వాడి లెక్కా మిగతావాళ్ళ లెక్కా ఒక్కటే. కాసేపటికి వాడు మునిగిపోయాడు. ఆవిడ ఆటను పల్లెత్తు మాట అనలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, “నేనే పంపాను. నాదే తప్పు” అంది. తర్వాత ఇంక ఆడలేకపోయింది. మంచినీళ్ళు తాగి, పర్సు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట అద్దం ఇవతలికి వచ్చి ఆమెను తాకింది. అంకె ఉంటే నింద అంకె మీదికి పోతుంది. లేకపోతే పంపినవాడి మెడకు చుట్టుకుంటుంది. అంకె తీసేద్దామని తను పట్టుబట్టింది ఎందుకు? ఎవరూ అన్నయ్యలా మోసపోకూడదనా, అందరూ తనలా బాధపడాలనా?

మర్నాడు సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ గుర్తుపట్టింది. కూర్చోమని తలుపు దగ్గరికి వేసింది.

“తగువుకి రాలేదండీ. ఒక్కటి అడగాలని వచ్చాను. మీరు చెప్పిన ఎనభై, అది ఎనభైయేనా? ధైర్యం కోసం ఏమైనా పెంచారా, తగ్గించారా?”

“లేదమ్మా. ఎంత తెలుసో అంతే చెప్పాను. కానీ అది నూరుమంది సంగతి. మీ అన్నయ్యగారు ఒక్కరు. ఒక్కరి సంగతి నాకు తెలీదు. ఏ రోజూ తెలీదు.” పెన్ను మూత తీసి పెట్టి, మళ్ళీ తీసింది. “నాకూ ఒకటి అడగాలనుంది. ఆ అంకె చెప్పినప్పుడు ఆయన నవ్వారు. ఇన్నేళ్ళలో ఎవరూ అలా నవ్వలేదు. ఎందుకో నాకు తెలీలేదు. ఇప్పటికీ ఎవరికైనా ఎనభై అని చెప్పేటప్పుడు ఆ నవ్వే గుర్తొస్తుంది.”

ఆమె చెప్పింది. ఆటలో తాము కలిపే దొంగ లెక్క, లిఫ్టు పలక, వరండాలో ఆయన అన్న మాట, తన “ఊఁ”. మొదటిసారి పైకి చెప్పడం. చెబుతుంటే అది చాలా చిన్న సంగతిలా వినిపించింది. అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ వెంటనే ఓదార్చలేదు. మీ తప్పు లేదని అనలేదు. “అర్థమైందా అని అడుగుతాను అందరినీ. అర్థమైందంటారు. ఏమర్థమైందని మాత్రం ఎప్పుడూ అడగలేదు” అంది.

“నిజం తెలిస్తే వద్దనేవాడంటారా?”

“ఏమో. ‘సరే పదండి’ అనేవారేమో కూడా. అది కూడా మనకి తెలీదు కదమ్మా.”

ఇంతలో నర్సు తలుపు కొట్టి ఇంకో పేషెంటు వచ్చారని చెప్పింది.

ఆఫీసుకు తిరిగొచ్చాక ఆమె అంకెలు తీసెయ్యాలనే మాట వదిలేసింది. దాని బదులు లోపలి సర్దుబాటంతా పీకేసింది. ఎనభై అని వెలిగితే ఎనభైయే. రెండుసార్లు తప్పినవాడికి మూడోసారి ఏ దయా లేదు. మేనేజరు చూసి తల పట్టుకున్నాడు.

“నిజం చూపిస్తే అబద్ధమంటారమ్మా జనం. నీకు తెలియంది కాదు.”

“అననివ్వండి సార్. తిట్లన్నీ నాకు పంపండి, నేను చదువుతాను. కానీ మన ఎనభైకి అలవాటుపడ్డ మనిషి రేపు ఇంకెక్కడో ఎనభై వింటాడు.”

ఆయనకు ఆమె ఇంట్లో జరిగింది తెలుసు, దీనికీ దానికీ ముడి ఎక్కడో తెలియదు. అయినా ఆమె గొంతులో ఏదో విని, ఈసారి చమత్కారం ఏదీ వెయ్యలేదు. మొదటి విడుదల వరకూ ఒప్పుకుంటున్నానని, తర్వాత చూద్దామని అన్నాడు.

ఆయన అన్నంతా అయింది. ఆట బయటికొచ్చీ రాగానే తిట్లు వానలా కురిశాయి. అంకెలు దొంగవనీ, కంపెనీ దొంగదనీ, ఈ లెక్కలు రాసినవాళ్ళకు కూడికలు కూడా రావనీ. ఆమె మాటిచ్చినట్టే అన్నీ చదివింది. చేతనైనవాటికి జవాబులు రాసింది. కొన్నాళ్ళకు మేనేజరు పాత సర్దుబాటు వెనక్కి తెచ్చాడు. కాకపోతే ఆమె మాట పూర్తిగా తీసెయ్యలేదు. సర్దుబాటు లేని లెక్కతో ఆడాలనుకునేవాళ్ళకు ఆట మొదట్లో ‘ఉన్నదున్నట్టు’ అని ఒక ఎంపిక పెట్టించాడు. ఆ దారి పట్టేవాళ్ళు తక్కువ. ఆమె ఆ తక్కువమంది ఉత్తరాలే ఎక్కువ శ్రద్ధగా చదివేది.

అలా చదువుతుండగా ఒకరోజు ఆఫీసు భోజనాల వేళ ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు ఎవరో గొడవ పెట్టుకునే రకంలా లేడు.

“నేను ఉన్నదున్నట్టు ఎంచుకునే ఆడాను. పడవ నడిపే ఆవిడకి అమ్మ అని పేరు పెట్టుకున్నాను. తొంభై ఒకటి చూపించింది, పంపాను. పోయింది. మీ లెక్క తప్పని అనడం లేదు. కానీ ఆ అంకె కనిపించకపోయి ఉంటే నేను అమ్మని పంపేవాణ్ణి కాదు. ఇంకెవరినైనా పంపేవాణ్ణి. ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.”

ఆమె తినడం ఆపేసింది. ఇలాంటివాటికి ఆఫీసులో తయారుగా ఉంచిన జవాబు ఒకటుంది, ఆటను ఆదరిస్తున్నందుకు ధన్యవాదాలు అని మొదలవుతుంది. అది పెట్టింది, తీసేసింది. అంకె నిజమేనండీ అని రాసింది. అదీ తీసేసింది. క్షమించండి అని రాసి చాలాసేపు చూసింది. ఎవరికి రాస్తోందో తనకే తెలియక, దాన్ని కూడా చెరిపింది. చెవి పక్కన ఆ హాయైన గొంతు మళ్ళీ వినిపించింది. ఈసారి తప్పించుకోవాలని చూడలేదు, పూర్తయ్యేదాకా విన్నది.

చివరికి ఒక్క ముక్కే రాసి పంపింది. “ఆ తర్వాత ఆట ఆపేశారా?”

కొంతసేపటికి జవాబొచ్చింది.

“లేదండీ, ఆడుతున్నాను. మిగతావాళ్ళు ఇంకా డాబా మీదే ఉన్నారు కదా.”